మనవరాలి పాఠ్యపుస్తకం
(సంఘ వార్షిక సమావేశంలో ఒక సభ్యుని ప్రసంగ పాఠం)



మా మనవరాలు సి.బి.ఎస్.ఇ. పదకొండో తరగతిలో సైకాలజీ తీసుకుంటానన్నప్పుడు గట్టిగా అడ్డుపడినవాణ్ణి నేనే. "పిచ్చివాళ్ళ చదువు మనకెందుకమ్మా?" అన్నాను. "ముందు చదివి చూడు తాతయ్యా" అని పుస్తకం నా చేతిలో పెట్టింది.

చదివాను. అందులో ఉన్నవి జ్ఞాపకశక్తి, ఆలోచన, ఉద్వేగాలు. ఎబ్బింగ్‌హాస్ అనే జర్మన్ పండితుడు అర్థంలేని అక్షరాలు బట్టీపట్టి తనమీద తానే పరీక్షించుకున్నాడు. మరపు మొదటి గంటల్లోనే ఎక్కువని, తరువాత నెమ్మదిస్తుందని 1885లో ప్రకటించాడు. మన కలకత్తా విశ్వవిద్యాలయంలో 1916లోనే ఈ శాఖ ఏర్పడింది. పిల్లలకు రాతపరీక్షకు 70 మార్కులు, ప్రాక్టికల్స్‌కు 30.

ఆమె పన్నెండో తరగతికి వచ్చేసరికి మా ఆవిడ పోయి నాలుగు నెలలు. నాకు నిద్ర లేదు, తిండి సహించదు, ఎవరితోనూ మాట లేదు. వయసు మీద పడిందనుకున్నాను. ఒకరోజు కుంగుబాటు పాఠం చదువుతూ ఆ పిల్ల పుస్తకం మూసి, "తాతయ్యా, డాక్టరు దగ్గరికి వెళ్దామా?" అంది. పుస్తకం చూసి జబ్బు తేల్చకూడదని కూడా తనే చెప్పింది. వెళ్ళాను. మందులు వాడాను. ఈరోజు మీ ముందు నిలబడ్డాను.

మిత్రులారా, డి.ఏ. బకాయిలకు పది అర్జీలు పెడతాం, మనసులో బాధ మాత్రం ఎవరికీ చెప్పం. 2022లో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలీ మానస్ నెంబరు 14416. ఉచితం, తెలుగులోనే మాట్లాడవచ్చు. రాసుకోండి. మీ మనవలు ఈ సబ్జెక్టు చదువుతామంటే నాలా అడ్డుపడకండి.

సెలవు.