విషభూమిలో విహారవనము



మూతపడిన కర్మాగారమును ఏమి చేయవలెనను ప్రశ్నకు సాధారణముగ దొరకు సమాధానమొక్కటే: పడగొట్టి, ఇనుమును తుక్కుక్రింద అమ్మివేయుట. అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రమునందలి సియాటిల్ నగరవాసులు మరియొక సమాధానమును కనుగొనిరి.

అచట యూనియన్ సరస్సు ఉత్తరతీరమున 1906లో ఒక గ్యాస్ కర్మాగారము వెలసెను. మొదట బొగ్గునుండియు, 1937 పిదప నూనెనుండియు గ్యాస్ తీసి గొట్టములద్వారా నగరమునకు పంపుచుండిరి. ఆ గ్యాస్‌తో వంటయిండ్లలో పొయ్యిలు వెలిగెను. ఆ పొగతో పరిసరములు నల్లబడెను. సహజవాయువు నగరమునకు వచ్చుటతో 1956లో కర్మాగారము మూతపడెను. మిగిలినవి తుప్పుపట్టిన గోపురములు, తారు ఇంకిన నేల.

1962లో నగరపాలకులు సుమారు 20 ఎకరముల ఆ స్థలమును ఉద్యానమునకై కొనిరి. అందులకై పాటుపడిన నగరసభ సభ్యురాలు మర్టిల్ ఎడ్వర్డ్స్ 1969లో మరణించిరి. ఉద్యానమునకు ఆమె పేరు పెట్టదలచిరి. 1970లో నిర్మాణభారము రిచర్డ్ హాగ్ అను ఉద్యానశిల్పికి అప్పగింపబడెను. ఆయన గోపురములను ఉంచవలెననెను. వివాదము చెలరేగెను. ఆ శిథిలముల నడుమ ఆమె పేరు వలదని ఎడ్వర్డ్స్ కుటుంబమువారు కోరిరి. వారిని తప్పుపట్టుటకు వీలులేదు. పొగను భరించిన తరమునకు ఆ ఇనుము చూడముచ్చటగా నుండదు గదా! హాగ్ మాత్రము ఆ ఆవరణలోనే కార్యాలయము పెట్టుకొని, వచ్చినవారికి చూపి, ఓపికతో నచ్చజెప్పెను.

నేలను బాగుచేసిన విధము రైతులకు సులభముగ బోధపడును. మిక్కిలి చెడిన మట్టిని తీసివేసి, తక్కినదానిలో రంపపుపొట్టు, ఆకులు, మురుగుమడ్డి కలిపి దున్నిరి. ఎరువుతో బలపడిన సూక్ష్మజీవులు నూనెను హరించునని వారి ఊహ. కూల్చిన కట్టడముల శకలములను గుట్టగాపోసి మట్టి కప్పిరి. నేడు ఆ గుట్టపై గాలిపటములెగురుచున్నవి.

1975లో ఉద్యానము తెరువబడెను. పంపులు, కంప్రెసర్లు ఉన్న శాల రంగులద్దుకొని పిల్లల ఆటపాకయైనది. బాయిలర్ల శాల వనభోజనములకు నీడయైనది. పెద్ద గోపురములచుట్టు మాత్రము కంచె వేసిరి.

అంతటితో కథ ముగియలేదు. 1984లో మట్టిలో విషపదార్థములు బయటపడి ఉద్యానమును కొంతకాలము మూసివేసిరి. పరీక్షలు జరిపి, మంచి మట్టి కప్పి మరల తెరచిరి. సరస్సు అడుగున మాలిన్యముండుటచే అచట నీటిలో దిగుట నిషిద్ధము. నేలకు చేసిన అపకారము ఒకనాటితో తీరునది కాదు. అయినను 2013లో ఆ స్థలము జాతీయ చారిత్రక స్థలముల పట్టికకెక్కినది.

ప్రతి గ్రామమునను మూతపడిన మిల్లో, పాడుపడిన గిడ్డంగియో ఉండును. దానిని బాలురకు అప్పగింపదలచువారు మొదట మట్టిని, నీటిని పరీక్షింపవలెను. పిమ్మట గోడల బలము చూడవలెను. ఆ తరువాతనే రంగులు వేయవలెను. పాత పుస్తకమును బూజు దులిపి, అట్టవేసి, క్రొత్త పాఠకునిచేతికిచ్చు గ్రంథాలయమునకు ఈ ధర్మము వేరుగ చెప్పనక్కరలేదు.