పండు వయస్సులో పిత్తాశయ శస్త్రచికిత్స
(సాంస్కృతికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఆటపాటల నడుమ ఆపరేషన్ల మాటేమిటని అనుకోకండి. ఇక్కడే, ఫార్మింగ్టన్ హిల్స్‌లో, మా ఇంట జరిగిన సంగతి మీకు ఉపయోగపడుతుందని చెబుతున్నాము.

మా నాయనమ్మగారికి అప్పుడు 88 ఏళ్ళు. రెండు రోజులు అన్నం ముట్టలేదు, మాట తడబడింది. జ్వరం లేదు, నొప్పి అంతంత మాత్రం. అజీర్తి అనుకొని వాము నీళ్ళిచ్చి ఊరుకున్నాము. తీరా ఆసుపత్రికి తీసుకువెళితే పిత్తాశయంలో రాళ్ళు, చీము అన్నారు. ముసలితనంలో ఈ జబ్బు చప్పుడు లేకుండా ముదురుతుంది. ఆలస్యం చేయడం మా మొదటి తప్పు.

"ఈ వయస్సులో కోత దేనికి?" అన్నారు బంధువులు. 1882లో బెర్లిన్‌లో లాంగెన్‌బుక్ పిత్తాశయాన్ని మొదటిసారి తొలగించిన నాటి కోత కాదిది. 1985లో జర్మనీలోనే ఎరిక్ మ్యూహె చిన్న రంధ్రాల ద్వారా చేసి చూపారు. నెదర్లాండ్స్ వైద్యులు అపాయం ఎక్కువగా ఉన్న 142 మంది రోగులను పరిశీలించి 2018లో ఫలితాలు ప్రకటించారు. ఈ పద్ధతిలో ఆపరేషన్ అయినవారిలో 12 శాతం మందికి, గొట్టం వేసి చీము తీసినవారిలో 65 శాతం మందికి పెద్ద చిక్కులు వచ్చాయి. మరణాలలో మాత్రం స్పష్టమైన తేడా కనబడలేదు. ఆపరేషన్‌కు బొత్తిగా తట్టుకోలేని వారికి గొట్టమే దారి. బాధ పెట్టని రాళ్ళకు సాధారణంగా ఆపరేషనే అక్కరలేదు. చూడవలసింది వయస్సొక్కటే కాదు. గుండె, ఊపిరితిత్తులు, మూత్రపిండాలు, మనిషి ఓపిక.

రెండవ తప్పు ఇంకా పెద్దది. మేమంతా వరండాలో తర్జనభర్జన పడ్డామే గాని ఆవిడను అడగలేదు. మా పిల్లల తెలుగు "చిన్న ఆపరేషన్, నాయనమ్మా" దగ్గర ఆగిపోయింది. "కడుపు నాది, కోసేది నన్ను, అడిగేది మిమ్మల్నా?" అన్నారావిడ. అప్పుడు టెలిఫోనులో తెలుగు దుబాసీని పిలిపించాము. ప్రభుత్వ నిధులు పొందే ఆసుపత్రులు ఆ సహాయం ఉచితంగా ఇవ్వాలన్నది ఈ దేశపు చట్టం. ఆవిడ అన్నీ విని, నాలుగు ప్రశ్నలడిగి, "సరే, కానివ్వండి" అన్నారు.

ఆపరేషన్ అయిన రాత్రి ఆవిడకు మతి చెదిరి, తెనాలిలో ఉన్నాననుకున్నారు. కళ్ళజోడు పెట్టి, వినికిడి యంత్రం అమర్చి, వంతులవారీగా తెలుగులో మాట్లాడుతూ కూర్చున్నాము. మూడవ నాటికి తేరుకొని చారన్నం అడిగారు.

అందుచేత మా మనవి ఇది. పెద్దవారు వాడే మందుల పట్టిక, ముఖ్యంగా రక్తం పలుచన చేసే వాటి పేర్లు, దగ్గర ఉంచుకోండి. అన్నం మానేస్తే, మాట తడబడితే వెంటనే తీసుకువెళ్ళండి. వారి ఇష్టాన్ని ఒంట్లో బాగున్న రోజుల్లోనే అడగండి. పిల్లలకు తెలుగు నేర్పేది పద్యాలు చదవడానికే కాదు, ఆసుపత్రి మంచం ప్రక్కన కూర్చోవడానికి కూడా.