సంతాప మౌనం వేరు, భయ మౌనం వేరు

(అమలాపురంలో జరిగిన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



1996 నవంబరు 6 నాటి తుపాను మన కోనసీమను ఊడ్చివేసినప్పుడు మేము ప్రభుత్వ గుమాస్తాగా పనిచేస్తున్నాము. కూలిన ఇళ్ల లెక్కలు, పోయిన ప్రాణాల జాబితాలు మా చేతితోనే రాశాము. ఆ తరువాత చాలా రోజులు మా చుట్టుపక్కల పెళ్లి బ్యాండు మోగలేదు, మైకు పలకలేదు. అందుకు ఎవరి ఉత్తర్వూ లేదు. పాట ఆపినవారిని గాని, ఆపనివారిని గాని ఎవరూ అనుమానించలేదు. పొరుగింట శవం లేస్తే మన ఇంట రేడియో కట్టేస్తాము. అది మానవ ధర్మం.

దేశనాయకులు మరణించినప్పుడు ఆకాశవాణి సినిమా పాటలు ఆపి విషాద వాద్యం వినిపించేది. అంటే సంతాపానికి సైతం సంగీతమే భాష. 1947లో స్వాతంత్ర్యాన్ని షెహనాయితో స్వాగతించిన బిస్మిల్లా ఖాన్ 2006 ఆగస్టు 21న కన్నుమూస్తే, ప్రభుత్వం ఒకరోజు జాతీయ సంతాపం ప్రకటించింది.

అయితే మరొక మౌనం ఉన్నది. అత్యవసర పరిస్థితి కాలంలో, 1976లో, ప్రభుత్వం కోరినట్లు నడుచుకోనందుకు కిశోర్ కుమార్ పాటలను ఆకాశవాణి, దూరదర్శన్ ఆపివేశాయి. అది ఏలినవారి నిషేధం. 2019 ఫిబ్రవరి 14న పుల్వామాలో 40 మంది జవాన్లు అమరులైన తరువాత సంగీత సంస్థలే పాకిస్తానీ గాయకుల పాటలను తొలగించుకున్నాయి. 2025 ఏప్రిల్ 22న పహల్గాంలో 26 మందిని ఉగ్రవాదులు పొట్టనబెట్టుకున్నారు. మృతులలో మన ఆంధ్రులూ ఉన్నారు, పర్యాటకులను కాపాడబోయిన కశ్మీరీ ముస్లిం గుర్రపువాడూ ఉన్నాడు. మే 8న పాకిస్తాన్‌లో తయారైన పాటలు, సినిమాలు నిలిపివేయాలని కేంద్రం ఆన్‌లైన్ వేదికలకు సూచించింది. అదే నెలలో నాగపూర్‌లో ఒక సంస్మరణ సభలో ఫైజ్ గీతం పాడినందుకు నిర్వాహకులపై కేసు నమోదైంది.

పరదేశపు పాట విషయంలో ప్రభుత్వ నిర్ణయాన్ని ఒప్పుకొనేవారు, ఒప్పుకోనివారు మనలో ఉండవచ్చు. మా బాధ వేరు. మన పాటను మనమే ఎందుకు దాచుకున్నాము?

పహల్గాం ఘోరం జరిగిన కొద్ది రోజులకే మా పరిసరాలలో ఒక ఉర్సు రావలసి ఉన్నది. ఖవ్వాలి కార్యక్రమం రద్దు చేయాలని కమిటీ తీర్మానించింది. తీర్మానం రాసినది మేమే. కారణం గడిలో "అనివార్య కారణాల వల్ల" అని రాశాము. ఒక కుర్రవాడు లేచి, "మామూ, సంతాపమని రాయవచ్చు కదా?" అన్నాడు. మేము జవాబు చెప్పలేకపోయాము. మనసులో సంతాపం ఉన్నది, నిజమే. కాని పాట ఆపినది ఆ సంతాపం కాదు. ఉర్దూ మాట మైకులో వినబడితే ఎవరు ఏమంటారో అన్న భయం. ఆ వారం కొందరు పిల్లలు ఫోన్లలో నాత్‌ల రింగుటోన్లు సైతం తీసివేశారు. ఖవ్వాలి బృందానికి ఆ సీజను రాబడి పోయింది. ఆ నష్టాన్ని మేము పట్టించుకోలేదు.

సంగీతం ధర్మసమ్మతమా కాదా అన్నది ఉలమాల చర్చ. ఇక్కడి ప్రశ్న పౌరుని హక్కు.

ఆ హక్కుకు అండ ఉన్నది. జాతీయగీతం పాడకుండా మర్యాదగా నిలబడిన ముగ్గురు కేరళ బాలల పక్షాన 1986లో సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది. ఆ తీర్పు రాసినది మన తెలుగువారైన జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి. బలవంతంగా పాడించరాదన్న న్యాయమే బలవంతంగా నోరు మూయించరాదనీ చెబుతుంది. ఒక కవితపై ఎంపీ ఇమ్రాన్ ప్రతాప్‌గఢీ మీద గుజరాత్‌లో పెట్టిన కేసును 2025 మార్చి 28న సుప్రీంకోర్టు కొట్టివేసింది. మూడు నుంచి ఏడేళ్లలోపు శిక్షపడే ఇటువంటి ఆరోపణలలో, కేసు కట్టకముందే బీఎన్‌ఎస్‌ఎస్ 173(3) కింద ప్రాథమిక విచారణ జరపడం సముచితమన్నది. మాటను బలహీన మనస్కుల కొలబద్దతో కాక, దృఢచిత్తుల కొలబద్దతో కొలవాలన్నది. మన కార్యకర్తలు ఈ తీర్పు ప్రతిని దగ్గర ఉంచుకోవాలి.

అందుచేత మా మనవులు ఇవి. దేశం ఏడ్చినప్పుడు మనమూ బహిరంగంగా ఏడుద్దాము, దువా చేద్దాము, రక్తదానం చేద్దాము. అది ఎవరికో రుజువు చూపడానికి కాదు, పోయినవారు మనవారు గనుక. కార్యక్రమం వాయిదా వేస్తే "సంతాప సూచకంగా" అని రాసి, మరల జరిపే తేదీ కూడా రాద్దాము. కళాకారులకు ఇచ్చిన అడ్వాన్సు వెనక్కి అడగవద్దు. అధికారులెవరైనా నోటిమాటగా వద్దంటే, వినయంగా రాతపూర్వక ఉత్తర్వు అడుగుదాము. రెచ్చగొట్టే పాట, దుఃఖితులను నొప్పించే స్టేటస్ మన ఇంటి నుంచి బయలుదేరకుండా పిల్లలకు అదబ్ నేర్పుదాము.

ముప్పై ఏళ్లకు పైగా ఫైళ్లు రాసిన చేయి ఇది. కారణం రాయని ఉత్తర్వు చెల్లదని మాకు తెలుసు. అయినా ఆనాడు అసలు కారణం రాయలేకపోయాము. ఆ తీర్మానాల పుస్తకం ఇంకా మా దగ్గరే ఉన్నది. వచ్చే ఉర్సుకు ఖవ్వాలి తీర్మానం అందులోనే, ఆ కుర్రవాని చేత రాయించాలని మా కోరిక.

అల్లాహ్ మనకు ధైర్యాన్ని, వివేకాన్ని ప్రసాదించుగాక. ఆమీన్.