గుండె వైఫల్యము: రక్తము ముందుగా తెలుపు వార్త

(సంఘ వార్షిక మహాసభయందు రెండవనాడు గావించిన యుపన్యాసము)



విద్యానిధిని గూర్చియు, వసతిగృహమును గూర్చియు, వివాహవ్యయములను గూర్చియు నిన్నటినుండి పెద్దలు ప్రసంగించిరి. వారి వెనుక నొక వైద్యుడు లేచి రోగముల మాట యెత్తుట కొందఱకు రుచింపక పోవచ్చును. అయినను కార్యనిర్వాహకవర్గమువారి యాజ్ఞను శిరసావహించి, మన కుటుంబముల కెల్ల నవసరమని నేను నమ్మిన యొక విషయమును విన్నవించెదను. అది గుండె వైఫల్యమను వ్యాధి. ఆ వ్యాధి బయటపడక మునుపే దాని జాడను రక్తమునందు కనుగొను పరీక్ష.

మొదట నొక భ్రాంతిని తొలగింపవలసి యున్నది. గుండెపోటు వేరు, గుండె వైఫల్యము వేరు. గుండె కండరమునకు రక్తము గొనిపోవు నాళము హఠాత్తుగా మూసికొనుటచే ఆ కండరము చెడుట గుండెపోటు. గుండె వైఫల్యమనగా గుండె ఆగిపోవుట కాదు. శరీరమునకు కావలసినంత రక్తమును పంపలేక గుండె అలయుట, లేదా బిరుసెక్కి తగినంత రక్తమును లోనికి చేర్చుకొనలేకపోవుట. గుండెపోటు వచ్చినవారికి పిమ్మట నిది రావచ్చును. ఏండ్లతరబడి రక్తపుపోటు గాని మధుమేహము గాని యున్నవారికి, గుండెపోటు రాకయే యిది రావచ్చును. చాలమందికి ఇది ఒక్కనాటిలో వచ్చునది కాదు. నెమ్మదిగా, చప్పుడు లేక వచ్చును.

మా పెదతండ్రిగారు వ్యవసాయదారులు. ప్రతిదినమును ఊరి చెరువుకట్ట మీదుగా పొలమునకు నడచిపోవువారు. ఒక యేడు దారిలో రెండుసార్లు కూర్చుండి లేచుట మొదలిడిరి. ఏమని యడుగగా "వయస్సురా అబ్బాయీ" అనిరి. మేమును వయస్సే యనుకొంటిమి. నే నప్పటికి వైద్యవిద్యార్థిని. సాయంకాలమునకు పాదములు వాచుచుండెను. అది నడక వలన ననుకొంటిమి. రాత్రి వెల్లకిల పండుకొనిన ఊపిరాడక ఒక తలగడకు రెండు, రెండింటికి మూడు తలగడలైన పిమ్మట ఆస్పత్రికి తీసికొనిపోయితిమి. గుండె గోడల మందమును చూచి, రక్తపుపోటు చిరకాలముగా నుండి యుండునని అచ్చటి వైద్యులు చెప్పిరి. ఇంటిలో నెవ్వరమును ఒక్కనాడైనను దానిని కొలిపించి యుండలేదు. ఆయన మఱి రెండేండ్లు మాత్రమే జీవించిరి. నేనీ విషయమును మాటలాడుటకు కారణ మిదియే.

ఆ చెరువుకట్టయే నాకొక ఉపమానము నిచ్చుచున్నది. చెరువు నిండి కట్టపై ఒత్తిడి పెరిగినపుడు, నీరటివాడు తూమెత్తి నీటిని విడుచును. ఊరివారిని కేక వేసి పిలుచును. మన గుండెయు నిట్లే చేయుచున్నది. దాని గదుల గోడలు ఒత్తిడిచే సాగినపుడు ఒక పదార్థమును రక్తములోనికి విడుచును. ఆ పదార్థము మూత్రపిండములచే ఉప్పును నీటిని బయటికి పంపించి, రక్తనాళములను సడలించి, గుండె భారమును తగ్గింపజూచును. అది తూమెత్తుట. ఆ పదార్థము రక్తములో నెంత యున్నదో కొలుచుట, నీరటివాని కేకను మనము వినుట.

1981లో కెనడా దేశమున డి బోల్డ్ అను శాస్త్రజ్ఞుడును ఆయన సహచరులును, ఎలుక గుండె పైగదులనుండి తీసిన సారమును వేఱు ఎలుకల కెక్కింపగా, అవి మూత్రములో ఉప్పును విశేషముగా విసర్జించెను. రక్తమును తోడు యంత్రమని మాత్రమే యెంచబడిన గుండె, హార్మోనును పుట్టించు గ్రంథివలె గూడ పనిచేయునని దీనివలన తెలిసెను. 1988లో జపాను శాస్త్రజ్ఞులు అట్టిదే మఱియొక పదార్థమును పంది మెదడునుండి వేఱుచేసిరి. దానినే బి.ఎన్.పి. అందురు. మెదడులో దొరకుటచే ఆ పేరు వచ్చినను, ముఖ్యముగా నది గుండె దిగువగదులనుండియే వెలువడునని తరువాత తేలినది. దానితోడనే పుట్టు ఎన్.టి. ప్రో బి.ఎన్.పి. అను మఱియొక ఖండమును గూడ నేడు కొలుచుచున్నారు. గుండె కండరము దెబ్బతినినపుడు రక్తములోనికి కారు ట్రోపోనిన్ అను మాంసకృత్తు గూడ నిట్టి సూచికయే.

2002లో ప్రకటింపబడిన యొక పరిశోధనలో, ఆయాసముతో అత్యవసర విభాగములకు వచ్చిన 1,586 మందికి బి.ఎన్.పి. కొలిచిరి. మిల్లీలీటరు రక్తరసమునకు 100 పికోగ్రాముల గీటు పెట్టినచో, ఆ ఆయాసము గుండె వైఫల్యము వలననా కాదా యని నూటికి 83 మంది విషయమున సరిగా తెలిసెను. పికోగ్రామనగా గ్రాములో లక్షకోటవ వంతు!

అయితే ఆయాసము వచ్చిన పిమ్మట తెలియుట ఒక యెత్తు. రాకమునుపే తెలియుట మఱియొక యెత్తు. అమెరికాలో ఫ్రేమింగ్‌హామ్ అను పట్టణవాసుల గుండె ఆరోగ్యమును 1948 నుండి పరిశీలించుచున్నారు. గుండె వైఫల్యము లేని 3,346 మందిని సుమారు ఐదేండ్లు గమనించి 2004లో ఫలితమును ప్రకటించిరి. బి.ఎన్.పి. హెచ్చుగా నున్న ఐదవవంతు జనులకు, తక్కినవారికంటె గుండె వైఫల్యము కలుగు నపాయము సుమారు మూడురెట్లుండెను. ఆ హెచ్చు అనునది పురుషులకు 20, స్త్రీలకు 23 పికోగ్రాములు మాత్రమే. ముందు చెప్పిన నూటి గీటునకు ఎంతో దిగువ.

తెలిసిన నేమి ప్రయోజనమని మీరడుగవచ్చును. 2013లో ఐర్లండువారు దీనికి సమాధానము చెప్పిరి. రక్తపుపోటు, మధుమేహము, స్థూలకాయము మొదలగునవి గల, నలుబదియేండ్లు దాటిన 1,374 మందిని రెండు భాగములు చేసిరి. ఒక భాగమువారికి వాడుకైన వైద్యమే జరిగెను. రెండవ భాగమున బి.ఎన్.పి. 50కి తక్కువ కానివారికి గుండె ఎకో పరీక్ష చేయించి, ప్రత్యేక శ్రద్ధ వహించిరి. నాలుగేండ్ల పైచిలుకు గడువగా, మొదటి భాగమున నూటికి 8.7 మందికిని, రెండవ భాగమున 5.3 మందికిని గుండె పనితీరు చెడెను. ఈ మేలు చేసినది పరీక్ష కాదు, పరీక్ష వెనుక జరిగిన వైద్యము. ఎంపాగ్లిఫ్లోజిన్ అను మధుమేహపు మందు, గుండెజబ్బు గల మధుమేహులలో గుండె వైఫల్యముచే ఆస్పత్రి పాలగుటను సుమారు మూడవవంతు తగ్గించినట్లు 2015లో తేలినది. మధుమేహులకు ఏడాది కొకసారియైన నిట్టి రక్తపరీక్ష చేయవలెనని అమెరికా మధుమేహ సంఘము 2022లో సూచించినది.

ఇచట నొక హెచ్చరిక. ఈ పరీక్ష జాతకము కాదు. ముదిమిలోను, మూత్రపిండముల వ్యాధిలోను, గుండె లయ తప్పినపుడును ఈ యంకె పెరుగును. స్థూలకాయులలో తక్కువగా కనబడి మోసపుచ్చును. కావున అంకెను చూచి బెదరవలదు, అంకెను చూచి మురియవలదు, వైద్యునకు చూపవలెను. ఏ యపాయమును లేని పడుచువాండ్రు దీనికై ధనము వెచ్చింపనక్కఱలేదు. అందఱకు మొదట కావలసినది రక్తపుపోటు కొలుచు పట్టీ. పిమ్మట చక్కెర పరీక్ష. అందు దోషము కనబడినవారికి ఈ రక్తపరీక్ష. అది హెచ్చినవారికి ఎకో. ఇది క్రమము. దినమునకు 5 గ్రాములలోపే ఉప్పు చాలునని ప్రపంచ ఆరోగ్య సంస్థవారి మాట. ఆవకాయయు, అప్పడమును, ఊరమిరపకాయయు గల మన విస్తరిలో ఆ లెక్క తప్పుట యెంత సులభమో తల్లులే యెఱుగుదురు. ఆ తల్లులకే మఱియొక మనవి: ఇంటిల్లిపాది ఆయాసమును కనిపెట్టు మీరు, మీ యాయాసమును దాచుకొనకుడు.

తుదకు ఈ మహాసభకు నాదొక ప్రార్థన. రాబోవు సంవత్సరము సభాప్రాంగణమున ఒక బల్ల వేయించి, వచ్చిన ప్రతివారికి రక్తపుపోటును, చక్కెరను చూపింతము. నలుబదియేండ్లు దాటి దోషము గల పేదలకు రక్తపరీక్షకును, పిమ్మటి వైద్యమునకును సంఘనిధినుండి కొంత కేటాయింతము. పరీక్ష చేయించి వైద్యము చేయింపకున్న, కేక విని నిద్రపోయినట్లే యగును. ఆ బల్లయొద్దకు ఊరివారెవ్వరు వచ్చినను వలదనకుందము. గుండెకు కులగోత్రములు లేవు. ఇంట నొక పెద్ద "వయస్సురా అబ్బాయీ" అనినపుడు, ఆ మాటను నమ్మి యూరకుండక, ఆయన చేయి పట్టుకొని వైద్యునియొద్దకు గొనిపోవు యువకు డొక్కడు ఈ సభనుండి బయలుదేరినను నా శ్రమ ఫలించినట్లే తలంచెదను.