ఓరుగల్లు కోటకు నడచి పోవుదము

(సీతాఫల్‌మండి యువజనుల సభలో చేసిన ఉపన్యాసపాఠము)



వచ్చు ఆదివారము మీరు ఓరుగల్లు కోటను దర్శింప నున్నారని విని సంతసించితిని. అయితే బండి తోరణముల యొద్దనే నిలుచుననియు, అరగంటలో ఛాయాచిత్రములు తీసికొని వేయిస్తంభముల గుడికి తరలుదురనియు మీ కార్యక్రమపత్రములో చూచి ఈ నాలుగు మాటలు చెప్ప సాహసించుచున్నాను. తోరణము చూచినంత మాత్రమున ఓరుగల్లు చూచినట్లు కాదు. అది నగరము. నగరమును కాళ్ళతోనే చూడవలయును.

తోరణరూపము మనకు క్రొత్త గాదు. 2014లో అది చార్మినారుతోపాటు తెలంగాణ రాజ్యచిహ్నమున చేరినది. 2024లో దాని నుంచవలయునా, తొలగింపవలయునా యని రాష్ట్రమంతట వాదము చెలరేగినది. మన విశ్వవిద్యాలయపు చెట్లనీడలను, తార్నాక తేనీటి అంగళ్ళయందును ఆ వాదమునకు కొదువ లేకుండెను. గొంతు చించుకొన్నవారిలో ఎందరు ఆ రాతిని చేతితో తాకియుందురో!

వరంగల్లు స్టేషనులో దిగి నడువుడు. మొదట మట్టికోట తగులును. దానిని చూచి మట్టిదిబ్బ యని దాటిపోకుడు. శత్రువు గుండ్లను మ్రింగు మెత్తదనము దాని బలము. ఆవల పొలములు, పిదప అగడ్త, దాని వెనుక రాతికోట. గణపతిదేవ చక్రవర్తి (1199–1262) కట్టింప మొదలిడిన ఈ కోటను ఆయన కుమార్తె రుద్రమదేవి ముగించెనని ప్రసిద్ధి. 45 బురుజుల ఆ ప్రాకారమున రాళ్ళు సున్నము లేకయే ఒకదానిపై నొకటి కూర్చుండియున్నవి. ద్వారము చొచ్చినవాడు తిన్నగా లోనికి పోలేడు. త్రోవ మలుపు తిరుగును. ఏనుగు పరుగెత్తి వచ్చి తలుపును గ్రుమ్ముటకు వీలు లేకుండ చేసిన యుక్తి యిది. మోటారులో కూర్చున్నవానికి ఇది బండి కుదుపు మాత్రమే. నడచువానికి అచ్చట కాకతీయుల భయమును, తెలివియు రెండును తెలియవచ్చును.

ఈ నడకకు మార్గదర్శి మన భాషలోనే కలదు. వినుకొండ వల్లభరాయుని ‘క్రీడాభిరామము’ ఇద్దరు మిత్రులు ఓరుగల్లులో ఒక దినము తిరిగిన కథ. మంచనశర్మయు, టిట్టిభసెట్టియు వీధివీధి తిరిగి కోడిపందెములు చూతురు, పలనాటి వీరుల కథలు విందురు, పూటకూటింట ఒక్క రూకకు కడుపార భుజింతురు. రాజుల పట్టాభిషేకములు శాసనములలో దొరకును గాని ఆ భోజనము మరి యెచ్చట దొరకును? సురవరం ప్రతాపరెడ్డిగారు 1949లో వెలువడిన తమ ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’కు ఈ చిన్న గ్రంథమును గొప్ప ఆధారముగా గ్రహించుటలో ఆశ్చర్యము లేదు. (అందలి శృంగారము కొందరు పెద్దలకు రుచింపదు. వారు ఆ పుటలు దాటి పూటకూటింటికి పోవచ్చును.) ఆ పుస్తకమును చేతబట్టుకొని పొండు.

అప్పుడు తోరణముల యొద్దకు చేరుదురు. నాలుగు దిక్కుల నాలుగు. నడుమ స్వయంభూదేవుని ఆలయ ముండెడి చోట విరిగిన స్తంభములు, నందులు, దూలములు. 1323లో ఉలుఘ్‌ఖాను సేన ఈ కోటను గెలిచినది, ప్రతాపరుద్రుడు బందీ యయ్యెను, నగరమునకు సుల్తానుపుర మను పేరు పడినది. గుడి పోయినది; తోరణములు నిలిచినవి. పై నున్న హంసలను చూడుడు, పద్మములను చూడుడు. వానిపై పూజార్హమైన దేవతామూర్తి లేకుండుటయే వాని ప్రాణములు కాచినదని పండితు లందురు. పడమటనున్న ఖుష్‌మహలు తుగ్లకుల నాటిదో, షితాబుఖానుని నాటిదో తేలక నేటికిని తగవుపడుచున్నారు. ఇట్టి చోట పగ పెంచుకొనుట తేలిక, కన్నీరు కార్చుట మరింత తేలిక. ఏ రాయి ఎవరు పెట్టిరో, ఎవరు తీసిరో ఓపికతో విచారించుటయే కష్టము. కొన్ని యేండ్లలోనే ముసునూరి కాపయనాయకుడు ఈ నగరమును తిరిగి గైకొన్నాడని కూడ జ్ఞాపక ముంచుకొనుడు.

నేను ముఖ్యముగా చెప్పదలచినది వేరొకటి. ఆ కోటలో నేటికిని జనులు కాపురమున్నారు. ప్రాకారము నడుమ ఇండ్లు, పొలములు, పశువులు కలవు. 1958 నాటి పురావస్తు శాసనమునకు 2010లో చేసిన సవరణచే, రక్షితకట్టడమునకు 100 మీటర్లలో నూతననిర్మాణము నిషిద్ధము. ఇంటి మరమ్మతుకును అనుమతి కావలయును. ఆవల మరి 200 మీటర్లలోను అనుమతి లేనిదే కట్టరాదు. ఈ నియమము లేకున్న శిల్పములు దక్కవు, నిజమే. కాని వానకు కారు కప్పును బాగుచేసికొనుటకై రైతు కాగితములు పట్టుకొని తిరుగవలసివచ్చుటయు నిజమే. జనులను వెడలించి శిథిలములను శుభ్రపరుపు డని మన పట్టణవాసులు కొందరు చెప్పుచుందురు. నే నందుకు సమ్మతింపను. మంచనశర్మ నడచిన వీధి వారు తిరుగుచుండుటచేతనే ఇంకను వీధిగా నున్నది. రాళ్ళకు కావలి యుంచు ప్రభుత్వము ఆ గృహస్థుల విన్నపములు త్వరగా తీర్చుటకును ఒక అధికారిని కోటలోనే యుంచవలయును. మీరు తిరిగివచ్చిన పిదప వ్రాయు విజ్ఞాపనపత్రములో ఈ కోరికను చేర్పుడని నా ప్రార్థన.

కావున తెల్లవారక మునుపే సికిందరాబాదులో బండి యెక్కుడు; దూరము సుమారు 140 కిలోమీటర్లు. మధ్యాహ్నపుటెండకు ఆ రాళ్ళు కాలును. నీరు వెంట దీసికొని పొండు. బురుజు నెక్కి నలుదెసల చూచి, క్రిందికి దిగి, కోటలోని యింటి యరుగుమీద ఎవరైన పెద్ద కనబడినచో నమస్కరించి, వారి యిల్లు ఎన్ని తరముల నాటిదో అడుగుడు.