చెవిలో బూజు



పచ్చడి జాడీలో తడి గరిటె పెడితే ఏమవుతుంది? నాలుగు రోజుల్లో బూజు పడుతుంది. చెవిలో కూడా అట్లాగే బూజు పడుతుంది. నమ్మరు గానీ, డాక్టరు లైటు వేసి చూస్తే కనబడుతుంది. కొందరికి పెరుగు తరకల్లా తెల్లగా ఉంటుంది. కొందరికి తడిసిన కాగితంలా ఉండి, పైన నల్లని చుక్కలుంటాయి.

గోదావరిఖనిలో ఒక బాయి కార్మికుడి ఇల్లు అనుకోండి. ఆయన మొదటి షిఫ్టు దిగి వచ్చాడు. బాయి లోపల ఉక్క, ఊట నీళ్ళు. ఒళ్ళంతా చెమట. స్నానం చేస్తే చెవిలో నీళ్ళు పోయాయి. దురద పుట్టింది. అగ్గిపుల్లతో గోకాడు. లోపల గీరుకుపోయింది. బూజుకు తడి దొరికింది, వెచ్చదనం దొరికింది, పుండు దొరికింది. ఇంకేం కావాలె?

వారం తిరిగేసరికి చెవి మూసుకుపోయింది. "ఏందయ్యా, ఎన్నిసార్లు పిలవాలె?" అని భార్య కసిరింది. పాపం, ఆయనకు వినబడితే కదా!

ఇంట్లో వినబడకపోతే చిన్న పోట్లాటతో పోతుంది. బాయిలో అట్లా కాదు. పైకప్పును కడ్డీతో కొట్టి, చప్పుడు విని, గట్టిగా ఉందో లేదో తెలుసుకుంటారు. గట్టి కప్పు ఖంగుమంటుంది. వదులైన కప్పు బోలుగా మోగుతుంది. ఆ తేడా వినబడకపోతే ప్రాణానికే ముప్పు.

మన ఇళ్ళల్లో మొదట చేసే పని, వెల్లుల్లి వేసి కాచిన నూనె పోయడం. పెద్దవాళ్ళు ప్రేమతోనే చెప్తారు. కానీ నూనె పోస్తే లోపలి తడి ఆరదు. చెవి లోపలి పలచని పొరకు చిల్లు ఉంటే, నూనె లోపలికి దిగి ఇంకా కీడు చేస్తుంది. చీముకు వాడే చుక్కల మందు కూడా బూజుకు పనిచేయదు. ఎక్కువ రోజులు వేస్తే బూజు పెరుగుతుంది కూడా.

దవాఖానకు పోవాలి. సింగరేణి కార్మికుల కుటుంబాలకు కంపెనీ దవాఖాన ఉంది. మిగతావాళ్ళకు గోదావరిఖనిలోనే సర్కారు దవాఖాన ఉంది. డాక్టరు ముందు చిన్న గొట్టంతో బూజును పీల్చి తీస్తారు. సగం వైద్యం అదే. తర్వాత క్లోట్రిమజోల్ లాంటి చుక్కలు రాస్తారు. మామూలుగా రెండు వారాల దాకా వేయాలి. దురద తగ్గిందని మధ్యలో ఆపితే మళ్ళీ వస్తుంది. అన్ని రోజులూ చెవి తడవకూడదు. స్నానానికి ముందు దూదికి వాజిలైన్ రాసి చెవి మొదట్లో పెట్టుకోవాలి. స్నానం కాగానే తీసెయ్యాలి.

గుబిలి మురికి కాదు, చెవికి కాపలా. మధ్యాహ్నం అరుగు మీద కూర్చుని ముచ్చట్లు చెప్పుకుంటూ పిన్నీసుతో దాన్ని తవ్వే అలవాటు మన ఆడవాళ్ళకూ ఉంది!

చక్కెర జబ్బు ఉన్నవాళ్ళ సంగతి వేరు. చెవిపోటుతో రాత్రి నిద్ర పట్టకపోయినా, మూతి వంకర పోయినా, ఆ రోజే దవాఖానకు పోవాలి.

పోయేటప్పుడు ఇంట్లో వాడిన చుక్కల సీసా కూడా పట్టుకుపోండి. చదువు వచ్చింది కదా, దాని మీద ఉన్నది ముందు మీరే చదవండి. కంటి మందా, చెవి మందా? తారీఖు దాటిందా?