పులి తీసుకున్న ఫోటో

కాగజ్‌నగర్ అడవిలో పులిని కళ్లారా చూసినవాళ్లు తక్కువ. దాని ఫోటోలు మాత్రం ఉన్నాయి. తీసిన మనిషెవరూ అక్కడ లేరు. పులే తన ఫోటో తీసుకుంది!

చెట్టు మొదలుకు మోకాలెత్తున కట్టే చిన్న పెట్టె, కెమెరా ట్రాప్. వెచ్చని ఒళ్లున్న జంతువు ఎదుట కదిలితే సెన్సార్ పసిగడుతుంది, ఫోటో పడుతుంది. బాటకు రెండు పక్కలా ఒక్కోటి పెడతారు. పులి చారలు మన వేలిముద్రల్లాంటివి. ఒకదానివి ఇంకోదానికి ఉండవు. పైగా కుడి పక్క చారలు ఎడమ పక్కతో కలవవు. అందుకే రెండు పక్కలా ఫోటో కావాలి.

మహారాష్ట్రలోని తాడోబాకూ, 2012లో టైగర్ రిజర్వ్ అయిన మన కవ్వాల్‌కూ మధ్య పులుల దారి ఈ కాగజ్‌నగర్ అడవే.

కెమెరా మీ చేతిలోనే ఉంటే తల పైకెత్తండి. ఇక్కడి బెజ్జూరు అడవుల్లోని పాలరాపు గుట్ట మీద 2013లో పొడుగుముక్కు రాబందులు కనిపించాయి. రాబందు ఏడాదికి ఒక్క గుడ్డే పెడుతుంది. బెదిరి గూడు వదిలితే ఆ ఏడు పోయినట్టే. కాబట్టి దూరం నుంచే చూడండి, ఫ్లాష్ వేయకండి. మంచి ఫోటో అంటే, మనం వచ్చిన సంగతి జంతువుకు తెలియనిది.